పాత ఆటోమేటిక్ వ్యానుతో కారవాన్ లాగడం: కోరాపుట్, రాయగడ ఘాట్ దారుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

జయపురం నుంచి పర్లాకిమిడి దాకా ఎవరు పాత ఆటోమేటిక్ వ్యాను కొని లోపల మంచం, పొయ్యి కట్టించుకున్నా, ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "వెనక చిన్న కారవాన్ (బండి లాగే చక్రాల గది) తగిలిస్తే ఘాట్ ఎక్కుతుందా?" దాని వెనకాలే ఇంకో పాతిక అనుమానాలు వస్తాయి. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇక్కడ ఘాట్ అంటే ముఖ్యంగా సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ ఎక్కే దారి, కోరాపుట్ నుంచి జయపురం దిగే దారి, రాయగడ నుంచి లక్ష్మీపూర్ వైపు కొండ దారి.

## కొనేముందు

బండికి పదేళ్లు దాటాయి, ఆటోమేటిక్. అసలు ట్రైలర్ లాగుతుందా?

ఏ ఆటోమేటిక్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే పేరు కింద మన రోడ్ల మీద నాలుగు రకాలు తిరుగుతున్నాయి. టార్క్ కన్వర్టర్ ఉన్న పాత తరహా గేర్‌బాక్సు ఈ పనికి అన్నిటికన్నా నయం. కదిలేటప్పుడు ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా పెంచి చక్రాలకు ఇస్తుంది కాబట్టి ఎత్తులో బరువుతో కదిలినా అరిగిపోయే క్లచ్ ప్లేటు మధ్యలో ఉండదు. ఏఎంటీ అలా కాదు. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని మాత్రం ఒక మోటారు చేస్తుంది. వెనక బరువు తగిలించి రెండు హెయిర్‌పిన్ మలుపుల్లో ఆగి కదిలితే క్లచ్ వాసన కొడుతుంది. డ్రై క్లచ్ ఉన్న డీసీటీలదీ (రెండు క్లచ్‌ల బాక్సు, ఆ క్లచ్‌లు ఆయిల్‌లో మునగని రకం) అదే గొడవ. సీవీటీతో (విడి గేర్లు లేకుండా బెల్టు మీద నడిచే బాక్సు) ట్రైలర్ మాట ఎత్తొద్దు. లివర్ దగ్గర పి (పార్క్) లేకుండా ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి (డ్రైవ్) మాత్రమే కనిపిస్తే అది దాదాపుగా ఏఎంటీయే అనుకోండి.

మన వైపు దొరికే పాత ఆటోమేటిక్ క్యాంపర్లు ఏవి?

పాత ట్రావెలర్లు, వింగర్లు అన్నీ గేరు బండ్లే. అందుకే ఆటోమేటిక్ క్యాంపర్ అంటే ఎక్కువగా వెనక సీట్లు తీసి మంచం వేయించినవే కనిపిస్తాయి. 2008లో వచ్చిన ఆరు గేర్ల స్కార్పియో ఆటోమేటిక్, 2016 నుంచి వచ్చిన ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ అలాంటివి. రెండూ ఛాసిస్ మీద కట్టిన, వెనక చక్రాలతో నడిచే బండ్లు. ట్రైలర్‌కి ఆ కట్టుబడి కలిసొస్తుంది. బయటి దేశం నుంచి తెచ్చిన పాత వ్యాను తక్కువలో దొరికిందని మురిసిపోయే ముందు, దాని గేర్‌బాక్స్ ఫిల్టరు, గాస్కెట్టు విశాఖలోనైనా దొరుకుతాయో లేదో కనుక్కోండి.

ఎంత బరువు దాకా తగిలించొచ్చు?

ముందు బండి మాన్యువల్ చూడండి. ట్రైలర్ లాగే బరువు అందులో రాసి ఉంటుంది, లేదా లాగొద్దని రాసి ఉంటుంది. లాగొద్దని ఉంటే ఆ మాటే చివరిది. యూరప్‌లో కారవాన్ వాళ్లు ఒక లెక్క పాటిస్తారు: సామానుతో సహా కారవాన్ బరువు, లాగే బండి ఖాళీ బరువులో 85 శాతం మించకూడదు. 1,850 కిలోల బండికి అది సుమారు 1,570 కిలోలు. ఆ అంకె చూసి ఆశపడకండి. అది మంచి రోడ్డు మీద, బ్రేకులున్న కారవాన్‌కి, అలవాటు పడ్డ చేతికి చెప్పిన పై హద్దు. పాత ఆటోమేటిక్‌తో మన ఘాట్‌లకి నేను చెప్పేది 750 కిలోల లోపు. అదీ నీళ్లు, గ్యాసు, పరుపులు, గిన్నెలు అన్నీ కలిపి. మన దేశపు ప్రమాణాల్లో టీ1 తరగతి ట్రైలర్ హద్దు కూడా 750 కిలోలే.

ఇంజిన్ బలంగానే ఉంది కదా, గేర్‌బాక్స్ గురించి ఎందుకంత టెన్షన్?

ఎందుకంటే బరువు ఇంజిన్‌కి తెలుస్తుంది, వేడి గేర్‌బాక్స్‌లో దాక్కుంటుంది. టార్క్ కన్వర్టర్ లోపల రెండు చక్రాలుంటాయి, మధ్యలో ఆయిల్. ఇంజిన్ వైపు చక్రం ఆయిల్‌ని విసురుతుంది, ఆ ఆయిల్ రెండోదాన్ని తిప్పుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగనంత సేపూ ఆ తేడా అంతా వేడిగా మారి ఆయిల్‌లో కలుస్తుంది. చదును రోడ్డు మీద కాస్త వేగం అందుకోగానే లోపలి లాకప్ క్లచ్ పట్టేసి రెండిటినీ కలిపేస్తుంది, వేడి పుట్టడం దాదాపు ఆగిపోతుంది. ఘాట్‌లో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో లోడు లారీ వెనక పాకుతుంటే లాకప్ పట్టదు. అరగంట సేపు ఆయిల్ కాగుతూనే ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీదున్న టెంపరేచర్ ముల్లు కూలెంట్‌ది. అది నడిమధ్యనే నిలబడి ఉండగా గేర్‌బాక్స్ ఆయిల్ ఉడికిపోయిన బండ్లు చాలా ఉన్నాయి.

సాధారణంగా ఆ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాలి. 110 దాటితే జాగ్రత్త పడాలి. 120 దాటితే ఆగాలి. అక్కడి నుంచి పెరిగే ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగం అవుతుందని మెకానిక్కులు పాటించే లెక్క. లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడటం, క్లచ్ ప్లేట్ల పూత మాడటం ఆ తర్వాత వరసగా వస్తాయి.

పాత వ్యాను కొనేటప్పుడు గేర్‌బాక్స్ ఎలా చూడాలి?

పూర్తిగా చల్లారిన బండిని చూపించమనండి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే అనుమానించండి. స్టార్ట్ చేసి, బ్రేకు నొక్కి, ఎన్ నుంచి డి కి వేయండి. ఒక్క సెకనులో మెత్తగా పట్టాలి. రెండు మూడు సెకన్లు ఆలోచించి "ధబ్" మని పట్టిందంటే లోపల ఒత్తిడి తగ్గిందని అర్థం. ఆర్ కి కూడా అలాగే చూడండి. తర్వాత ఇరవై నిమిషాలు తిప్పి, డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే దాన్ని తీసి తెల్ల టిష్యూ కాగితం మీద ఒక చుక్క పెట్టండి. ఎర్రగా పల్చగా విచ్చుకుంటే మంచిదే. గోధుమ రంగుకి తిరిగితే ఆయిల్ మార్చే వేళ దాటిపోయింది. నల్లగా ఉండి, చుక్క మధ్యలో సన్నటి పొడి మిగిలి, మాడు వాసన వస్తే బేరం ఆపేయండి. గులాబీ రంగు లస్సీలా ఉంటే రేడియేటర్ నీళ్లు లోపలికి చేరినట్టు. ఆ బండి ఊరికే ఇచ్చినా వద్దు.

పెద్ద కారవాన్ కొనాలా, చిన్న టెంటు ట్రైలరా?

చిన్నదే. నిలువెత్తు కారవాన్‌కి బరువుతో పాటు గాలి ఆపే వెడల్పు కూడా ఉంటుంది. పైగా మన కొండ ఊళ్లలో చెట్ల కొమ్మలు, కిందికి వేలాడే కరెంటు తీగలు దానికి అడ్డం. వ్యానులో ఎలాగూ ఇద్దరు పడుకుంటారు. మిగతావాళ్లకి పైన టెంటు విప్పుకునే ట్రైలర్ సరిపోతుంది.

## కాగితాల పని

ట్రైలర్‌కి వేరే నంబరు కావాలా?

కావాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబరు ట్రైలర్ పక్కన కనిపించాలి. లాగే బండి నంబరు కూడా ట్రైలర్ మీద ఉండాలి. సెక్షన్ 61 చెప్పేది ఇదే. చాలామంది ఈ రెండో మాట మర్చిపోతారు. బండి వెనక ప్లేటు ట్రైలర్ చాటున పడిపోతుంది కాబట్టి చెక్‌పోస్టులో మొదట అడిగేది అదే.

మా ఊరి వెల్డింగ్ షాపులో ట్రాక్టర్ తొట్లు బాగా చేస్తారు. కారవాన్ కూడా చేయించుకోవచ్చా?

చేయడం వాళ్లకి కష్టం కాదు, నంబరు రావడమే కష్టం. ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదించిన మోడల్ అయితే రిజిస్ట్రేషన్ సాఫీగా అవుతుంది. ఇంటి దగ్గర కట్టించిన దానికి ఆ ఆమోదం ఉండదు. ఇనుము కొనకముందే మీ ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్లి అడగండి, వెల్డింగ్ పూర్తయ్యాక కాదు. వ్యాను విషయం కూడా ఇంతే. సీట్లు తీసి మంచం బిగించి బండి రూపం మార్చితే సెక్షన్ 52 వర్తిస్తుంది. ఆర్‌సీలో మార్పు ఎక్కకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లకి అదే సాకు దొరుకుతుంది.

బండి ఏపీ నంబరు, మేముండేది రాయగడ. ఎన్నాళ్లు తిప్పొచ్చు?

వేరే రాష్ట్రం నంబరు బండిని 12 నెలలకు మించి ఒడిశాలో ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. పాత ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ రోడ్డు ట్యాక్సు కట్టాలి. పార్వతీపురంలో ఇల్లు, రాయగడలో ఉద్యోగం ఉన్నవాళ్లు వారం వారం అటూ ఇటూ తిరుగుతుంటే పెట్రోలు బంకు బిల్లులు, టోల్ రసీదులు దాచుకోండి. బండి ఇక్కడే పడి లేదని చూపడానికి పనికొస్తాయి.

15 ఏళ్లు నిండబోతున్న బండి. కొనొచ్చా?

సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది, తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. కొనే ముందే ఆర్‌సీలో తేదీ చూడండి. రెన్యువల్ ఖర్చు అమ్మేవాళ్లే పెట్టుకునేలా బేరం ఆడండి.

దారిలో పిల్లలు కారవాన్‌లో పడుకుని రావచ్చా?

వద్దు. కదులుతున్న ట్రైలర్‌లో మనిషి ఉండకూడదు. బెల్టు ఉండదు, మంటలొచ్చినా మీకు తెలియదు. నిద్రపోతున్నారు కదా, పది నిమిషాలే కదా అని పెద్దవాళ్లు చెప్పినా ఒప్పుకోకండి.

## బయల్దేరే ముందు

ఆయిల్ ఎప్పుడూ మార్చలేదట. ఇప్పుడు మారిస్తే బాక్సు పోతుందంటున్నారు, నిజమేనా?

సగం నిజం. ఇప్పటికే జారుతున్న బాక్సుకి కొత్త ఆయిల్ పోస్తే బాగుపడదు. పోవాల్సింది పోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. బాక్సు శుభ్రంగా గేర్లు మారుస్తుంటే మార్చాల్సిందే. మిషన్ పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగే పద్ధతి పాత బాక్సుకి నాకు నచ్చదు. అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి కదిలి వాల్వుల్లో చేరుతుంది. కింద ప్యాన్ తీసి, అయస్కాంతం తుడిచి, ఫిల్టరు మార్చి, కారినంత ఆయిల్ కొలిచి అంతే కొత్తది పోయించండి. ఇలా చేస్తే కన్వర్టర్‌లో ఉన్న పాతది అలాగే ఉండిపోతుంది, మొత్తంలో మూడో వంతు నుంచి సగం దాకానే మారుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి, ఇంకోసారి చేయించండి. ట్రైలర్ లాగే బండికి 40 వేల కిలోమీటర్లకోసారి మార్చడం మేలు. "జీవితాంతం మార్చక్కర్లేదు" అని రాసి ఉన్న చోట ఎవరి జీవితమో అడగండి.

ఏ ఆయిల్ పోయాలి? షాపువాడు అన్నీ ఒకటే అంటున్నాడు.

ఒకటి కావు. డెక్స్‌రాన్, మెర్కాన్, టయోటా టీ-4, టయోటా డబ్ల్యూఎస్ ఇవన్నీ వేర్వేరు జిగురు, వేర్వేరు రాపిడి గుణం ఉన్నవి. డిప్‌స్టిక్ మీదో మాన్యువల్లోనో ఏ పేరు రాసి ఉంటే అదే. జయపురంలో దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించుకోండి, నాలుగు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు.

వేరే కూలర్ పెట్టించాలా?

నన్నడిగితే ట్రైలర్ కంటే ముందు ఇది పెట్టించాలి. చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ రేడియేటర్ ట్యాంకు లోపలి చిన్న గొట్టంలోంచి తిరిగి చల్లబడుతుంది. వెనక బరువుంటే అది చాలదు. రేడియేటర్ ముందు గాలి తగిలే చోట ప్లేట్ల కూలర్ బిగించి, ఆయిల్ రేడియేటర్‌లోంచి వచ్చాక దానిలోకి వెళ్లి, అక్కణ్నుంచి బాక్సుకి చేరేలా కలపాలి. పాత రేడియేటర్ గొట్టాన్ని తీసేయనక్కర్లేదు. సిమిలిగుడలో డిసెంబరు పొద్దుట చలికి ఆయిల్ వేడెక్కడానికి అదే సాయం. పైపు మాత్రం గేర్‌బాక్స్ ఆయిల్‌కి పనికొచ్చేదే అడగండి. డీజిల్ పైపు ముక్క వేసి క్లిప్పు బిగించేస్తే వేడికి మెత్తబడి ఊడుతుంది. అప్పుడు ఆయిల్ అంతా రెండు నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది.

ఓబీడీ సాకెట్ (బండి కంప్యూటరుకి స్కానర్ తగిలించే చోటు) ఉన్న బండి అయితే బ్లూటూత్ స్కానర్ ఒకటి పెట్టుకుని, ఆ బండి గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూపిస్తుందేమో ముందే చూసుకోండి. చూపించకపోతే కూలర్‌కి వెళ్లే లైన్‌లో విడిగా సెన్సారు, గేజి పెట్టించుకోవచ్చు.

హుక్కు మీద ఎంత బరువు పడాలి? ఇంట్లో ఎలా తూచాలి?

ట్రైలర్ ముందు భాగం బాల్ (వ్యాను వెనక హుక్కు కొసన ఉండే ఇనుప గుండు) మీద కొంత బరువు మోపాలి. అసలు మోపకపోతే తోక ఊగుతుంది, ఎక్కువ మోపితే వ్యాను వెనక కుంగి ముందు చక్రాలు తేలిక అవుతాయి. యూరప్ పద్ధతిలో ట్రైలర్ బరువులో 5 నుంచి 7 శాతం, అమెరికా పద్ధతిలో 10 నుంచి 15 శాతం. 700 కిలోల ట్రైలర్‌కి 50 నుంచి 70 కిలోల మధ్య పెట్టుకుంటే మంచిది, అయితే హుక్కు మీద, వ్యాను మాన్యువల్లో ఉన్న హద్దు దాటకూడదు.

తూచడం తేలికే. చదును నేల మీద ట్రైలర్ చక్రాలకు అడ్డు పెట్టి, ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మిషన్‌ని ముందు భాగం కింద పెట్టండి. బాల్ ఎంత ఎత్తులో ఉంటుందో అంత పొడవు కర్రముక్క కోసి మిషన్ మీద నిలబెట్టి, దాని మీద ట్రైలర్ ముక్కు ఆనించండి. అంకె ఎక్కువైతే సామాను కొంచెం వెనక్కి, తక్కువైతే ముందుకి. బరువైనవి ఎప్పుడూ ఇరుసు మీదే, కిందనే ఉండాలి. నీళ్ల ట్యాంకు వెనక కొసన ఉన్న ట్రైలర్ అయితే ఘాట్‌కి ముందు ఖాళీ చేయండి. వంద లీటర్లంటే వంద కిలోలు. మొత్తం బరువు కోసం మాత్రం వేబ్రిడ్జికి వెళ్లాల్సిందే. రాయగడలో లారీలు తూచే చోట అడిగితే చిన్న రుసుముకి తూచి చీటీ ఇస్తారు.

టైర్లు కొత్తగానే కనిపిస్తున్నాయి. మార్చాలా?

పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్ టైర్లు అరిగి కాదు, ఎండకి బీటలు వారి పోతాయి. ఐదేళ్లు దాటితే అనుమానించండి, ఏడేళ్లు దాటితే గీతలు ఎంత లోతున్నా తీసేయండి. చక్రం బోల్టులు కొత్తగా బిగించాక 50 కిలోమీటర్లు వెళ్లి ఇంకోసారి బిగించాలి.

లైట్లు, అద్దాలు, గొలుసు సంగతేంటి?

ఏడు పిన్నుల సాకెట్ తుప్పు పట్టిందేమో చూసి, ఒకరు బ్రేకు తొక్కుతుంటే ఇంకొకరు వెనక నిలబడి ఒక్కో లైటూ సరిచూడండి. ట్రైలర్ వెడల్పు వ్యాను కంటే ఎక్కువైతే పొడవాటి అద్దాలు తగిలించాలి. బాల్ ఊడినా ట్రైలర్ పోకుండా గొలుసులు రెండూ కింద అడ్డంగా, గుణకారం గుర్తులా దాటించి కట్టండి. ముక్కు జారినా వాటి మీద ఆగుతుంది, రోడ్డుకి గుచ్చుకోదు.

## ఎక్కేటప్పుడు

డి లో పెట్టేసి వదిలేస్తే అదే చూసుకోదా?

చదునులో చూసుకుంటుంది. ఘాట్‌లో దానికి ముందు మలుపు కనపడదు. మూడుకీ నాలుగుకీ మధ్య ఊగిసలాడుతూ ఉంటుంది, ప్రతి మార్పుకీ లోపల క్లచ్ ప్లేట్లు కాస్త రుద్దుకుంటాయి, లాకప్ వదిలేస్తుంది. అందుకే సాలూరు దాటి ఎత్తు మొదలవగానే ఓవర్‌డ్రైవ్ (అన్నిటికన్నా పై గేరు) ఆపేయండి. అయినా ఊగుతుంటే 3 లోనో 2 లోనో పెట్టి నిలపండి. ఇంజిన్ అరుస్తోందని భయపడొద్దు. 2,500 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య నీళ్ల పంపు, ఆయిల్ పంపు రెండూ చురుగ్గా తిరుగుతాయి. తక్కువ ఆర్‌పీఎంలో కాలు అదిమి ఈడ్వడమే బాక్సుకి కీడు.

ముందు లోడు లారీ పాకుతోంది. ఓవర్‌టేక్ చేయాలా, వెనకే పోవాలా?

రెండూ వద్దు. ట్రైలర్‌తో ఘాట్‌లో ఓవర్‌టేక్ అంటే ఎదురొచ్చే బస్సుతో పందెం. వెనకే పాకితే గేర్‌బాక్స్ ఉడుకుతుంది. వెడల్పున్న చోట చూసుకుని ఆగి, ఎన్ లో పెట్టి, ఒక టీ తాగేంత సేపు లారీని పోనివ్వండి. తర్వాత మీ వేగంతో ఒకే ఊపున ఎక్కండి. మళ్లీ అందుకుంటే మళ్లీ ఆగండి. దమన్‌జోడి, రాయగడ వైపు లారీల రద్దీ ఉండే దారుల్లో తెల్లవారాక తొందరగా బయల్దేరితే ఈ బాధ కొంత తగ్గుతుంది.

ఎత్తులో ఆగినప్పుడు యాక్సిలరేటర్ కొంచెం నొక్కి పట్టుకుంటే బండి నిలుస్తుంది కదా?

నిలుస్తుంది, కన్వర్టర్ కాలుతుంది. ఇంజిన్ తిరుగుతోంది, చక్రాలు తిరగట్లేదు, మధ్యలో బలమంతా ఆయిల్‌లో వేడిగానే పోతుంది. బ్రేకు మీదే నిలపండి. ఎక్కువసేపు అయితే హ్యాండ్‌బ్రేకు వేసి ఎన్ లోకి రండి. కదిలేటప్పుడు హ్యాండ్‌బ్రేకు ఉంచే డి వేసి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, వెనక భాగం కుంగడం తెలిశాక బ్రేకు వదలండి.

వేడి లైటు వెలిగింది. వెంటనే ఇంజిన్ ఆపేయాలా?

ఆపొద్దు. గేర్‌బాక్స్ ఆయిల్‌ని తిప్పే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. పక్కన ఆగి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఎన్ లో ఉంచి, ఏసీ ఆపి, 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎం దగ్గర ఐదు పది నిమిషాలు నడపండి. వేడి దిగాక ఇంకో పావుగంట ఆగి కదలండి. కూలెంట్ పొంగుతుంటే మాత్రం వేరు, అప్పుడు ఇంజిన్ ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు.

## దిగేటప్పుడు

ఆటోమేటిక్‌లో దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచాలా?

అలా ఉంచితే సాలూరు చేరేసరికి బ్రేకులు ఉండకపోవచ్చు. వ్యాను, ట్రైలర్ కలిపి మూడు టన్నులు, ఎత్తు తేడా 800 మీటర్లు అనుకోండి. ఆ దిగుడులో తినేయాల్సిన శక్తి, మామూలు నీళ్లు సుమారు 80 లీటర్లను మరిగించగలంత. అదంతా నాలుగు డిస్కులు, డ్రమ్ములే మింగాలంటే కుదరదు. ఎక్కిన గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పే మాట ఆటోమేటిక్‌కీ వర్తిస్తుంది. దిగుడు మొదలవకముందే 2 లోకి, నిట్రంగా ఉంటే ఎల్ (లో, అన్నిటికన్నా కింది గేరు) లోకి తెండి. వేగం పెరిగాక లివర్ లాగితే కొన్ని బాక్సులు ఒప్పుకోవు, ఒప్పుకున్నవి కుదుపుతాయి. వేగం పెరిగితే బ్రేకు గట్టిగా నొక్కి బాగా తగ్గించి, పూర్తిగా వదిలేయండి. చల్లారనివ్వండి. మళ్లీ పెరిగితే మళ్లీ అంతే. కాలు తేలిగ్గా ఆనించి ఉంచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

ఎన్ లో పెట్టి జారనివ్వడం మాత్రం ఎన్నడూ చేయొద్దు.

బ్రేకు ఆయిల్ మార్చాలంటున్నారు. లెవెల్ నిండుగానే ఉంది కదా?

లెవెల్ కాదు, చెమ్మ సమస్య. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక అది 155కి పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నేలకి అంటుతుంది. మన వైపు వానాకాలం సంగతి తెలిసిందే. రెండేళ్లకోసారి మార్చండి.

ట్రైలర్ బ్రేకులు ఉన్నాయి, అవే ఆపుకుంటాయి కదా?

చిన్న ట్రైలర్లకి ఉండేది ఎక్కువగా ఓవర్‌రన్ బ్రేకు. వ్యాను వేగం తగ్గితే ట్రైలర్ ముందుకి తోస్తుంది, ఆ తోపుడుకే దాని బ్రేకు పడుతుంది. దిగుడంతా అది తోస్తూనే ఉంటుంది కాబట్టి బ్రేకు కొద్దికొద్దిగా రుద్దుకుంటూనే ఉంటుంది. సగం దారిలో ఆగి, చక్రం మధ్య భాగానికి చేయి దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు. ఒక పక్క సెగ కొడుతూ ఇంకో పక్క చల్లగా ఉంటే ఒక బ్రేకు పట్టేసింది, ఇంకోటి పనిచేయట్లేదు. అలా ముందుకెళ్లొద్దు.

వెనక ట్రైలర్ పాములా ఊగుతోంది. ఏం చేయాలి?

బ్రేకు తొక్కకండి, యాక్సిలరేటర్ పెంచకండి. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని కాలు తీసేయండి, వేగం తగ్గాక అదే సర్దుకుంటుంది. ఊగిన వైపుకి తిప్పి సరిచేయబోతే ఇంకా పెరుగుతుంది. ఆగాక కారణం వెతకండి. ముక్కు మీద బరువు తక్కువ కావడం, వెనక కొసన బరువు, టైర్లలో గాలి తగ్గడం, మితిమీరిన వేగం. వీటిలో ఒకటి తప్పక దొరుకుతుంది. బరంపురం వైపు ఎన్‌హెచ్ 16 మీద పెద్ద బస్సు పక్కనుంచి దూసుకెళ్లినప్పుడు ఇది ఎక్కువ. హైవే మీద నా లెక్క 60, ఘాట్‌లో 30.

## మకాం దగ్గర

ట్రైలర్‌తో వెనక్కి రావడం రావట్లేదు. చిట్కా ఏమైనా ఉందా?

స్టీరింగ్ అడుగున చేయి పెట్టండి. ట్రైలర్ ఎటు పోవాలో చేయి అటు జరపండి, అంతే. ఆటోమేటిక్‌కి ఇక్కడ లాభం ఉంది: ఆర్ లో పెట్టి బ్రేకు వదులుతూ పడుతూ అంగుళం అంగుళం రావచ్చు. పాత ఓవర్‌రన్ బ్రేకు ట్రైలర్ అయితే ఎత్తులోకి వెనక్కి నెట్టినప్పుడు బ్రేకు పడిపోయి కదలదు. అలాంటివాటికి ముక్కు దగ్గర అడ్డు లివర్ ఉంటుంది, అది వేసుకుని వెనక్కి వచ్చి, మళ్లీ తీసేయాలి.

పి లో పెడితే చాలదా, హ్యాండ్‌బ్రేకు ఎందుకు?

పి అంటే లోపల ఒక చిన్న ఇనుప కొక్కెం. వాలులో ట్రైలర్ బరువంతా దాని మీద పడితే పొద్దున లివర్ రాదు, బలవంతంగా లాగితే "ఠక్" మంటుంది. బ్రేకు నొక్కి, ఎన్ లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు వదిలి బండిని దాని మీద కూర్చోనిచ్చి, అప్పుడు పి వేయండి. చక్రాలకి రాళ్లు పెడితే వెళ్లేటప్పుడు తీసి పక్కకి నెట్టండి. ఘాట్ మలుపుల్లో రోడ్డు మధ్య రాళ్లు వదిలేసి పోయేవాళ్లని తిట్టుకునే మనమే ఆ పని చేయకూడదు.

గ్యాసు ఎలా తీసుకెళ్లాలి?

ఐదు కిలోల సిలిండరు చాలు. నిలువుగా, కదలకుండా బెల్టుతో కట్టి, బండి కదిలే ముందు వాల్వు మూసేయండి. గ్యాసు గాలికంటే బరువు కాబట్టి పెట్టె అడుగున బయటికి తెరిచిన రంధ్రం ఉండాలి.

సంత రోజుల్లో వెళ్తే ఇబ్బందా?

ట్రైలర్‌తో అయితే ఇబ్బందే. చటికోనాలో బుధవారం, ఒనుకుడెల్లిలో గురువారం సంత. రోడ్డు అంచు దాకా మనుషులు, మేకలు, కూరగాయల గంపలు ఉంటాయి, తిప్పుకునే చోటు దొరకదు. సంత చూడాలనుంటే ట్రైలర్‌ని మకాం దగ్గరే వదిలి వ్యానులో వెళ్లండి.

## ఆగిపోతే

బ్యాటరీ దిగిపోయింది. నలుగురు నెడితే స్టార్ట్ అవుతుందా?

ఆటోమేటిక్ నెడితే స్టార్ట్ కాదు. జంపర్ కేబుల్ దగ్గర పెట్టుకోండి. క్యాంపర్ ఫ్రిజ్‌కీ లైట్లకీ వేరే బ్యాటరీ ఉంటే అసలు ఈ పరిస్థితి రాదు.

ట్రాక్టరుకి తాడు కట్టి లాక్కెళ్తామంటున్నారు. సరేనా?

సరే అనకండి, ఎంత మంచి మనసుతో చెప్పినా. ఇంజిన్ తిరగకపోతే గేర్‌బాక్స్ పంపు తిరగదు. చక్రాలు తిరిగితే లోపలి భాగాలు ఆయిల్ లేకుండా రాపిడి పడతాయి. ఎన్ లో పెట్టినా అంతే. నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. అది దొరక్క, వెనక చక్రాల బండి అయితే, మెకానిక్ చేత ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు వెళ్లే ఇనుప కడ్డీ) విప్పించి లాగొచ్చు. ముందు ట్రైలర్ విప్పి ఎవరి పెరట్లోనైనా పెట్టించండి. జాతీయ రహదారి మీద అయితే 1033కి, ఎవరికైనా దెబ్బ తగిలితే 112కి ఫోన్ చేయండి.

మూడో గేరులోనే ఉండిపోయింది, కదలడం కష్టంగా ఉంది. ఏమైంది?

కంప్యూటరు ఏదో తప్పు పట్టి బాక్సుని కాపాడుకోవడానికి ఒకే గేరులో బిగించేసింది. పక్కన ఆపి, ఇంజిన్ ఆపి, పావుగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేస్తే ఒక్కోసారి మామూలవుతుంది. అయినా ఆ తప్పు కోడు చదివించే దాకా ట్రైలర్ తగిలించొద్దు. చదివించకుండా చెరిపేస్తానన్న మెకానిక్ దగ్గర్నుంచి బండి తీసుకొచ్చేయండి.

## ఇంటికి వచ్చాక

ఒక ట్రిప్పు అయ్యాక ఏం చూడాలి?

మర్నాడు పొద్దున బండి కింద గట్టి అట్ట ముక్క పరిచి ఎర్ర చుక్కలు పడుతున్నాయేమో చూడండి. గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్‌ని మాన్యువల్ చెప్పిన పద్ధతిలోనే చూడాలి, చాలా బండ్లకి ఇంజిన్ వేడిగా తిరుగుతుండగానే చూడాలి. రంగు మారితే, లేదా ఘాట్‌లో వేడి 120 దాటి ఉంటే తర్వాతి ట్రిప్పు దాకా ఆగకుండా ఆయిల్ మార్పించండి. ట్రైలర్ చక్రాలు ఎత్తి చేత్తో తిప్పి బేరింగు గరగరలాడుతుందేమో వినండి. వానలో తిరిగొస్తే రేడియేటర్ ముందు పేరుకున్న ఎర్రమట్టిని పైపు నీళ్లతో మెల్లగా కడగండి, ప్రెషర్ వాషర్ పెడితే సన్నటి రెక్కలు వంగిపోతాయి.